రామనగుడ ఎండ

కోరాపుట్‌లో తెల్లవారుతూనే వీధి కొళాయి దగ్గర బిందెలు వరస కట్టేవి. గౌరీశ్వరి తన బిందె వరసలో పెట్టి, వంతు వచ్చేదాకా ఒరియా అంకెలు వల్లించుకుంటూ నిలబడేది. నీళ్లకొచ్చిన ఆడవాళ్లంతా దుప్పట్లు కప్పుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు ఆమె వైపు జరిగేవారు. ఆమె పక్కన వెచ్చగా ఉండేది.

నీళ్లు మోసి, స్నానం చేసి, చిన్నమ్మ గురువమ్మ పెట్టిన చద్దన్నం తిని, తెల్లచీర కట్టుకుని ఆసుపత్రి పక్కనున్న శిక్షణ కేంద్రానికి ఎగుడు దారిన నడిచేది. పురుళ్ల నర్సు చదువు, రెండేళ్లు. పన్నెండు మంది ఆడపిల్లల్లో తెలుగు పిల్ల తనొక్కతే. పాఠం ఒరియా, పుస్తకం ఒరియా, చివాట్లూ ఒరియాలోనే. తన ఊరు రామనగుడ సంతలో వంకాయలు బేరమాడడానికి సరిపోయిన భాష ఇక్కడ మొదటి గంటలోనే అయిపోయింది. నల్లబల్లమీది అక్షరాలన్నీ ఆమెకి ఒక్కలాగే కనబడేవి. ఒక్కొక్కటీ నెత్తిన గొడుగు పట్టుకుని నిలబడి తనకేసి చూస్తున్నట్టుండేది.

ఆమె అక్కడికి వచ్చింది 1958 మాఘమాసంలో. అప్పటికి ఇరవై రెండేళ్లు. మాచ్‌ఖండ్‌లో కరెంటు ప్రాజెక్టు కడుతున్నప్పుడు కూలికి వెళ్లిన మొగుడు అక్కడే ఇంకొకామెతో కాపరం పెట్టేడు. నాలుగేళ్లు వాకిలి చూసింది గౌరీశ్వరి. అయిదో ఏడు ఆమె తండ్రి గున్నయ్య, "సూసింది సాలు అమ్మీ. ఎనిమిదో తరగతి దాకా సదివేవు కదా, ఆ సదువు ఏటికైనా పనికొస్తాదేమో సూద్దాం పద" అన్నాడు. బండెక్కించి, రాయగడ బస్సెక్కించి, అక్కణ్ణించి లక్ష్మీపూర్ మీదుగా కొండలెక్కే ఇంకో బస్సెక్కించి, గురువమ్మ ఇంట్లో దింపి వెళ్లిపోయేడు. గురువమ్మ గౌరీశ్వరి తల్లికి వరసకి చెల్లెలు. ఆమె మొగుడు గంగయ్య పట్టణంలో వీధి దీపాలు వెలిగించే పనిలో ఉండేవాడు.

దూరంనించి వచ్చినవాళ్లతో వాళ్ల ఊరి ఎండా వానా కూడా వస్తాయని కోరాపుట్‌లో అందరికీ తెలుసు. మనిషి చుట్టూ రెండు మూరల మేర ఉంటాయి. కొన్నాళ్లకి పోతాయి. కటకంనించి వచ్చిన అమ్మాయికి అయిదు రోజుల్లో పోయింది.

"నాకు పార్వతీపురం ఎండ పన్నెండు దినాలుండీది. వడియాలు పక్కనెట్టుకుని ఎండబెట్టీసుకున్నాను" అని చెప్పేది గురువమ్మ. "నీకూ పోతాదిలే."

గౌరీశ్వరికి పోలేదు. నెల గడిచింది, మూడు నెలలు గడిచేయి. మాఘంలో చలి కాచుకోడానికి ఆమె పక్కన చేరిన ఆడపిల్లలే వైశాఖంలో ఆమె బల్ల మీద కూచోడానికి పేచీ పెట్టేరు. కోరాపుట్ అంతా చల్లగా ఉంటే ఆమె ఒక్కతీ చెమటలు కక్కుతూ ఎముకల పేర్లు రాసుకునేది. జ్యేష్ఠం ఆఖర్లో ఓ రోజు పాఠం మధ్యలో ఉరిమింది. ఆమె నెత్తిమీద, ఆమె పుస్తకం మీద, రెండు మూరల నేలమీద వాన కురిసింది. అందరి కాళ్లూ తడిసేయి. పెద్ద నర్సు సుభద్ర దీదీ పాఠం ఆపి, బీరువాలోంచి రబ్బరు గుడ్డ తీసిచ్చి, పుస్తకం కప్పుకోమంది. తరవాత చాక్‌పీసు తీసుకుని, ఆపిన చోటినించి చెప్పింది.

ఇంట్లో పుస్తకం పొయ్యి పక్కన ఆరబెట్టుకుంటూ గౌరీశ్వరి చాలాసేపు నవ్వింది. ఊళ్లో వాన పడింది. అయ్య ఈపాటికి నాగలి కట్టి ఉంటాడు.

మర్నాడు సుభద్ర దీదీ ఆమెని గదిలోకి పిలిచింది. కోపంగా ఏమీ లేదు. నెమ్మదిగా, గౌరీశ్వరికి అర్థమయ్యే చిన్న మాటల్లో ఒరియాలో చెప్పింది.

"చదువులో చేరిన ఆరు నెలలకి పరీక్ష ఉంటుంది. పరీక్ష పురుడు గదిలో. అక్కడికి వాన రాకూడదు. దుమ్ము రాకూడదు. తెలిసిందా?"

"తెలిసింది."

"ఈలోగా నీ ఊరు నిన్ను వదలాలి. లేకపోతే నేను నిన్ను ఇంటికి పంపించాలి. నాకు వేరే దారి లేదు."

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే గురువమ్మ నడుముకి కొంగు బిగించింది.

"నీకు పోనే పోదు. ఎలగ పోతాది? తినీది మన తిండి, పలికీది మన మాట, పడుకున్నా ఇంటి దిక్కే తలెట్టుకుంటావు. రేపట్నించి నాను సెప్పినట్టు సెయ్యి."

ఆ మర్నాటినించీ ఆ ఊరివాళ్లు తినే లేత వెదురుకొమ్ముల కూర వండింది. గౌరీశ్వరికి ఆ పులుపు వాసన గిట్టేది కాదు. ముక్కు మూసుకుని తింది. ఇంట్లో గంగయ్యా గురువమ్మా ఆమెతో ఒరియాలోనే మాట్లాడేరు. ఉత్తరాలు దాచుకున్న రేకు పెట్టెని గురువమ్మ అటకెక్కించింది. నెల తిరిగేసరికి రెండు మూరలు మూరెడైంది, మూరెడు జానెడైంది. పాఠాల్లో మాటలు విడివిడిగా వినబడడం మొదలెట్టేయి. ఓ రోజు కొళాయి దగ్గర ఎవరో ఎవరినో ఒరియాలో వెక్కిరిస్తే గౌరీశ్వరికి నవ్వొచ్చింది. నవ్వేక, తనకి నవ్వొచ్చినందుకు ఆశ్చర్యపోయింది.

ఆషాఢం ఆఖరున గున్నయ్య కార్డు రాసేడు. ఆయన కార్డు రాస్తే బడిపంతులు మాట్లాడినట్టుండేది.

"చిరంజీవి గౌరీశ్వరికి. ఇచ్చట అందరమూ క్షేమము. వానలు మెండుగా కురిసినవి. ఉభాలు ముగిసినవి, నాట్లన్నియు పడినవి. నీవు బెంగపెట్టుకొనక చదువుకొనవలెను."

గౌరీశ్వరి ఆ కార్డు వరండాలో నిలబడి చదివింది. బయట కోరాపుట్ వాన జల్లు కొడుతోంది. ఆమె ఒంటి చుట్టూ జానెడు మేర మాత్రం ఎండ మాడ్చేస్తోంది. జ్యేష్ఠంలో పడిన ఆ ఒక్క వాన తప్ప నెల రోజులుగా ఒక్క చినుకు లేదు. ఒంటి తాపం తగ్గించుకోడానికి అరచేతిని గోడకి ఆనించింది. నారు పోసిన ఆకుమడి ఎండిపోతే వచ్చే గడ్డి వాసన ముక్కుకి తగిలింది. ఆ వాసన ఆమెకి చిన్నప్పట్నించీ తెలుసు.

ఆ పూట కంచంలో వెదురుకొమ్ముల కూర అలాగే ఉండిపోయింది.

"ఏటే, కూర ముట్టుకోలేదు?" అంది గురువమ్మ.

"వద్దు సిన్నమ్మా."

"ఆ కాస్తా పోయీ ముందల మానీస్తే మల్లీ పెరిగిపోతాది. తెలుసునా నీకు?"

"పెరగనీ."

"పెరిగితే దీదీ ఇంటికి పంపించెస్తాదే!"

"పంపిస్తే పోతాను. అయ్య అబద్ధం రాసేడు సిన్నమ్మా. ఊళ్లో వాన నేదు. ఇది కూడా నన్నొదిలీసి పోతే, నాకు నిజం సెప్పీవోలు ఎవులున్నారు?"

గురువమ్మ కంచం దగ్గరికి లాక్కుంది. కూర తీసి గంగయ్య కంచంలో వేసింది.

గౌరీశ్వరి మళ్లీ తెలుగులో మాట్లాడింది. అటక మీది పెట్టె దింపుకుంది. తల తూర్పుకి, ఇంటివైపు పెట్టి పడుకుంది. నాలుగు రోజుల్లో రెండు మూరలూ తిరిగొచ్చేయి. ఆ ఎండలో కూచుని రోజూ పొలాన్ని చూసుకునేది. ఇవాళ గాలి కూడా లేదు. ఇవాళ మబ్బు పట్టి పోయింది. చదువు వెనకబడింది. ఎందుకు చదవడం లేదని సుభద్ర దీదీ అడిగింది. గౌరీశ్వరికి ఒరియాలో చెప్పడం రాలేదు. తెలుగులో కూడా వచ్చేది కాదేమో. శ్రావణం మధ్యలో దీదీ ఆమెకి చెప్పే, గున్నయ్యకి కార్డు రాసింది. వచ్చి పిల్లని తీసుకుపొమ్మని.

ఆ వారంలోనే సుక్రి వచ్చింది.

సుక్రిది లక్ష్మీపూర్ అవతల కొండమీది ఊరు. అల్లం గంప నెత్తినెట్టుకుని కోరాపుట్ సంతకొచ్చింది. ఏడో నెల. సంతలో నొప్పులు మొదలయ్యేయి. తోటి ఆడవాళ్లు గంపనీ ఆమెనీ కలిపి మోసుకొచ్చి ఆసుపత్రిలో దింపేరు. ఒక రోజంతా నొప్పులు పడి, బుధవారం మధ్యాహ్నం ఆడపిల్లని కంది.

గౌరీశ్వరిని పురుడు గదిలోకి రానివ్వరు గనక బయట వరండాలో నీళ్లు కాస్తూ కూచుంది. పది రోజులుగా ఎడతెగని ముసురు. గోడలు నీరు కారుతున్నాయి. దూది కూడా తడిగానే తగులుతోంది. లోపల దీదీ గొంతు గబగబా వినబడింది. వేణ్ణీళ్ల సీసాలు ఒకదాని తరవాత ఒకటి వెళ్లేయి. అవి వెళ్లినంత సేపట్లోనే చల్లారి తిరిగొచ్చేయి.

కాసేపటికి దీదీ రెండు చేతుల్లో ఒక గుడ్డ మూట పట్టుకుని వరండాలోకొచ్చింది. పొయ్యి దగ్గర కాస్త వేడి తగిలిద్దామని వచ్చినట్టుంది. గౌరీశ్వరి పక్కనించి వెళ్తూ ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కేసింది. ఒక అడుగు ముందుకేసింది. గౌరీశ్వరి పమిట తొలగించి, ఆ మూటలోని పిల్లని ఆమె గుండెలకి ఆనించి, పమిట మళ్లీ కప్పింది.

"కదలకు" అంది.

ఉడత పిల్లంత ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఏడుపు లేదు. గౌరీశ్వరికి తన గుండె కొట్టుకోవడం తప్ప ఏమీ తెలియలేదు. అన్నం ఉడికేంత సేపటికి ఆ పిల్ల వేళ్లు కదిలేయి. పిల్లి కూనలా చిన్న కూత కూసింది. దీదీ గోడకి చేరగిలబడి, మొహం కొంగుతో తుడుచుకుంది.

ఆ రోజునించి గౌరీశ్వరి సుక్రి మంచం పక్కన పీట వేసుకుని కూచుంది. పిల్ల ఆమె గుండెల మీదే ఉండేది. సుక్రి పాలు పిండి ఇస్తే, దూది ఒత్తి ముంచి చుక్క చుక్క నాలిక మీద వేసేది. ఆమె లేవాల్సి వచ్చినప్పుడు సుక్రి పిల్లని పట్టుకుని, ఆమె నీడలాగా ఆమె వెనకే నడిచేది. ఎండ దాటి బయటికి పోకుండా.

"నానీ, మీ ఊరు రోజూ ఇంత వేడా?" అని అడిగింది సుక్రి. అక్కని వాళ్లు నానీ అంటారు. సుక్రి ఒళ్లంతా చెమట్లు పోస్తున్నాయి. కొండమీద పుట్టి పెరిగిన మనిషికి అంత ఎండ ఎప్పుడూ తగల్లేదు.

"రోజూ కాదు. ఈ నెలలో వాన పడాలి."

"పడలేదా?"

"పడలేదు."

సుక్రి పిల్లకేసి చూసింది. తరవాత గౌరీశ్వరి మొహంకేసి చూసింది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఇద్దరికీ రోజంతా పని అదే కాబట్టి కబుర్లు చెప్పుకునేవారు. సుక్రిది కొండ ఒరియా. పుస్తకంలో మాటలు ఉండేవి కావు. నొప్పికి నాలుగు మాటలుండేవి, ఆకలికి మూడు. గౌరీశ్వరి అవన్నీ నేర్చుకుంది. కానీ సాయంత్రం కిటికీలోంచి చూస్తూ దణ్ణం పెట్టుకోవడం మానేసింది. పిల్ల బతకాలంటే ఈ ఎండ ఉండాలి. అయ్య పొలం బతకాలంటే వాన కురవాలి. దేవుణ్ణి ఏమని అడగాలో తెలియలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆమె చుట్టూ మబ్బు కమ్మింది. చల్లగాలి తగిలింది. గౌరీశ్వరి పిల్లని రెండు చేతులా గట్టిగా పొదువుకుంది. "వద్దు, వద్దు" అని తన నోటితోనే అంది. మబ్బు పోయింది. ఎండ తిరిగొచ్చింది. అప్పుడు తను ఏమందో తెలిసొచ్చి, ఆ పూట అన్నం తినలేకపోయింది.

పన్నెండో రోజు గున్నయ్య వచ్చేడు.

రెండు బస్సులు మారి, కొండ ముసురులో తడిసి, గొంగళి కప్పుకుని వణుకుతూ వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో దీదీ రాసిన కార్డు ఉంది. కూతుర్ని చూసి లోపలికొచ్చేడు. ఆమెకి రెండు మూరల దూరంలో ఆయన కాలు ఆగిపోయింది. చెయ్యి ముందుకి చాపి చూసేడు. గొంగళి తీసి భుజానేసుకున్నాడు.

"ఇది మన ఎండే" అన్నాడు.

"మనదే అయ్యా."

ఆయన నేలమీద చతికిలబడ్డాడు. 

"వానలు మెండుగా పడ్డాయని రాసేవు కదేటి" అంది గౌరీశ్వరి.

"రాసేను."

"ఎందుకయ్యా?"

"నీకు సదువు మీద మనసు ఉండదని. ఎప్పట్నించి తెలుసును నీకు?"

"నువ్వు రాసిన దినం నించే."

గున్నయ్య తల పంకించేడు. "ఆకుమడి పోనాది. రెండో మారు ఇత్తనాలేసేను, అదీ పోనాది. నీకు సెప్పి ఏటి లాభం అనుకున్నాను. ఇదిగో, మీ దీదీ తీసుకుపొమ్మని రాసింది. నానూ అదే మంచిదనుకున్నాను. ఇంటికాడ ఉంటే నలుగురం కలిసి తింటాం, పస్తుంటే పస్తుంటాం. పద, బట్టలు సర్దుకో."

గౌరీశ్వరి కదల్లేదు. కదలకపోవడం చూసి ఆయన అప్పుడు ఆమె పమిట కింద ఏదో కదలడం గమనించేడు.

"అదేటి?"

ఆమె పమిట కొంచెం పక్కకి తీసి చూపించింది. పిల్ల నిద్రపోతోంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. బుగ్గల్లో ఇంకా కండ రాలేదు.

"ఎవులి పిల్లే?"

"కొండోల పిల్ల అయ్యా. ఈవిడ కూతురు. ఏడో నెలలో పుట్టీసింది. ఈ సలికి బతకదన్నారు. ఈ ఎండలో ఎట్టుకున్నాను. పన్నెండు దినాలయ్యింది."

గున్నయ్య దగ్గరికి జరిగేడు. నాగలి పట్టి కాయలు కాసిన వేలితో పిల్ల అరికాలు ముట్టుకున్నాడు. పిల్ల కాలు ముడుచుకుంది. సుక్రికి తెలుగు రాదు. ఈ ముసలాయన తన పిల్లని పొదువుకున్న మనిషిని తీసుకుపోడానికి వచ్చేడని మాత్రం అర్థమైంది. మంచం దిగి, ఆయన కాళ్ల దగ్గర కూచుంది.  

"ఈ ఎండకి మనూర్లో పచ్చగా ఉన్నదేదీ మిగల్లేదే" అన్నాడు గున్నయ్య. "నాను సూసేను. కట్టమీద తుమ్మలు కూడా మాడిపోనాయి." కాసేపు పిల్లకేసి చూసేడు. "ఒకటి మిగిలిందన్నమాట."

లేచి నిలబడి, గొంగళి దులుపుకుని, సుభద్ర దీదీ గది వెతుక్కుంటూ వెళ్లేడు. ఆయనకి ఒరియా అంతంతమాత్రం. రెండు చేతులూ జోడించి, ఆ పిల్లకి కండ పట్టేదాకా మా అమ్మిని ఇక్కడుంచండమ్మా, తరవాత మీ ఇష్టం అన్నాడు.

"దాన్ని పంపిస్తానని ఎవరన్నారు?" అంది దీదీ.

గున్నయ్య చేతిలో కార్డు చూపించేడు. దీదీ ఆ కార్డు తీసుకుని, మడిచి, బల్ల సొరుగులో వేసి సొరుగు మూసింది.

ఆయన ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయేడు. వెళ్లే ముందు కూతురితో, ఇకమీదట ఉన్నదే రాస్తాననీ, ఉలవలైనా చల్లి చూస్తాననీ చెప్పేడు. వార్డు దాటి వరండాలోకి వెళ్లేక మళ్లీ వెనక్కొచ్చి, ఆ రెండు మూరల ఎండలో ఇంకో నిమిషం నిలబడి వెళ్లేడు.

పరీక్ష జరిగిన రోజు గౌరీశ్వరి పురుడు గదిలోకి వెళ్లలేదు. దీదీయే ఆమె పీట దగ్గరికొచ్చి ప్రశ్నలడిగింది. గౌరీశ్వరి సగం పుస్తకం ఒరియాలో, సగం సుక్రి ఒరియాలో జవాబులు చెప్పింది. నొప్పులు ఎన్ని రకాలని అడిగితే పుస్తకంలో ఉన్నవాటికంటే రెండు ఎక్కువే చెప్పింది. దీదీ వాటిని ఒక కాయితమ్మీద రాసుకుంది.

ఇరవై ఆరో రోజున పిల్లని తూచి, ఇంక ఇంటికి తీసుకుపోవచ్చన్నారు. బుధవారం పుట్టింది కాబట్టి బుద్రి అని పేరు పెట్టుకుంది సుక్రి. గౌరీశ్వరి పిల్లని గుండెల మీంచి తీసి, తల్లి ఒడిలో పెట్టింది. చేతులు వెనక్కి తీసుకునేసరికి చలి తగిలింది. ముందు అదేమిటో తెలియలేదు. చేతులమీద రోమాలు లేచి నిలబడ్డాయి. పళ్లు టకటకలాడేయి. సుక్రి మొహంమీద మాత్రం చెమట అలాగే ఉంది. పిల్ల ఎండలో వెచ్చగా పడుకుని ఉంది.

సుక్రి మొహం చిన్నబోయింది. "నానీ, ఇది నీ ఎండని తీసేసుకుంది" అంది.

"ఉండనీ. కొండమీద చలికాలం వస్తుంది కదా" అంది గౌరీశ్వరి. చెప్పినంత తేలిగ్గా లేదు ఆమెకి.

ఆ సాయంత్రం దారిలో వాన పడింది. అందరి మీదా పడిన వానే, చల్లటి కోరాపుట్ వాన, ఆమె మీదా పడింది. తడిసి ముద్దయి ఇంటికొచ్చింది. గురువమ్మ ఆమె చుట్టూ చెయ్యి తిప్పి చూసి, తువ్వాలు ఇచ్చి పొయ్యి దగ్గర చోటు చూపించింది. పొయ్యి దగ్గర కూచుని గౌరీశ్వరి ఏడ్చింది. ఊళ్లో ఇప్పుడు మబ్బు పట్టిందో లేదో ఆమెకి తెలియదు. కార్డు వచ్చేదాకా తెలియదు.

ఆమె చదువు 1960లో అయింది. ఎక్కడ పని కావాలని అడిగితే లక్ష్మీపూర్ అంది. ఎవరూ కావాలనుకోని చోటు కాబట్టి వెంటనే ఇచ్చేరు. కొండ ఊళ్లు తిరిగి పురుళ్లు పోసేది. ఆమె ఒరియాలో యాస తేడా ఇప్పుడెవరికీ తెలిసేది కాదు.

మరుసటేడు ఆషాఢంలో గున్నయ్య కార్డు వచ్చింది. ఆయన మాట తప్పలేదు. "వానలు లేవు. పది దినములు చూచెదను. అప్పటికిని లేనియెడల భూమి విడిచి అందరమూ కూలికి మాచ్‌ఖండ్ పోవలసి యున్నది." రాసిన తారీకు చూసుకుంది. అప్పటికే తొమ్మిది రోజులయ్యింది. తన మొగుడు ఉండిపోయిన ఆ ఊరి పేరు అయ్య తన చేత్తో రాసేడంటే ఎంత దాకా వచ్చిందో ఆమెకి అర్థమైంది. కార్డు జాకెట్లో దోపుకుని పనిలోకి వెళ్లింది. ధ్యాస లేక రెండిళ్లలో చెప్పిందే మళ్లీ చెప్పింది.

మర్నాడు లక్ష్మీపూర్ సంత. ఎండ ఫెళ్లున కాస్తోంది. గౌరీశ్వరి మందుల సంచీతో సంత దాటి వెళ్తూంటే వెనకనించి "నానీ!" అని కేక వినబడింది. సుక్రి. నెత్తిన పసుపు గంప, చంకలో మూడేళ్ల బుద్రి.

"చూడు నానీ, నీ ఊరు చేస్తున్న పని! నిన్న పొద్దుటినించీ దీని గుడ్డలు ఆరడం లేదు. నా పసుపు కూడా తడిసిపోతోంది" అంది సుక్రి విసుగ్గా.

పిల్లని కిందకి దింపింది. బుద్రి జుత్తులోంచి నీళ్లు కారుతున్నాయి. ఎండకి పగిలిన సంత నేలమీద ఆమె నిలబడిన రెండు మూరల చోట బురదైంది. అక్కడ జోరుగా వాన పడుతోంది. పిల్ల మొహం పైకెత్తి, నోరు తెరిచి, ఆ నీళ్లు మింగుతోంది.

గౌరీశ్వరి సంచీ పక్కన పడేసి ఆ బురదలో మోకాళ్లమీద కూచుంది.